ఝాన్సీ వినని బాణీలు

చేవెళ్ళ బస్టాండు దాటి నాలుగడుగులు వేస్తే ముకుందం గారి విత్తనాల దుకాణం. కింద టమాట విత్తనాలు, బంతి విత్తనాలు, పురుగుమందులు. పైన, ఒకప్పుడు ఖాళీ బస్తాలు పడేసుకున్న గదిలో, ఆయన కొడుకు సాయిదీప్ కొండలకు సంగీతం కడుతుంటాడు. ఎగతాళి కాదు, నిజమే. కొండలెక్కేవాళ్ళ మీదా, పొంగే నదుల్లో పడవలేసుకుని దూకేవాళ్ళ మీదా పదేసి నిమిషాల సినిమాలు తీసి ఫోన్లలోకి వదులుతారే, అవి చూస్తూ మనం అన్నం కలిపిన చెయ్యి అట్లాగే పెట్టుకుని నోరు తెరుస్తామే, ఆ సినిమాలకు. ఎక్కడ గుండె జారాలో, ఎక్కడ మళ్ళీ కుదుటపడాలో మనకు చెప్పేది సంగీతమే. చెబుతోందని కూడా మనకు తెలియదు.

ఇంతా చేసి సాయిదీప్ జన్మలో ఒక్క గుట్ట ఎక్కినవాడు కాదు. దుకాణంలో అటక మీది డబ్బా దించాలన్నా నిచ్చెన ఎక్కేది అరవై దాటిన ముకుందం గారే. కింద నిచ్చెన పట్టుకుని "పైలం నాన్నా, పైలం" అనడం వరకే కొడుకు వంతు. "నిచ్చెన ఎక్కరాదు గని వీడు హిమాలయాలకు పాట కడుతడట" అని ఆయన గిరాకీలతో చెప్పి నవ్వేవాడు. వచ్చిన ప్రతి గిరాకీతోనూ ఆ మాటే చెప్పేవాడంటే, లోపల ఎంత మురిపెమో మీరే అనుకోండి.

ఆ సినిమాలు తీసేది నవీన్. మొయినాబాద్ దాటాక ఒక ఫామ్‌హౌసు వెనక గది కిరాయికి తీసుకుని, కెమెరాలూ తాళ్ళూ అందులో పోగేసుకుని ఉంటాడు. వాటిలో కొండలెక్కేది ఝాన్సీ. ముడిమ్యాల పాండురెడ్డి గారి బిడ్డ. ఆయనకు క్యారెట్ పొలాలున్నాయి, ఊళ్ళో ఏ ఎలక్షన్ వచ్చినా ముందు నడుస్తాడు. ఆడపిల్ల బండలు పట్టుకుని వేలాడుతుంటే మొదట్లో పాపం తలెత్తుకోలేకపోయాడు. లక్షల మంది చూశారని తెలిశాక ఊరి మొదట్లో ఫ్లెక్సీ కట్టించాడు. అందులో బండకు వేలాడే ఝాన్సీ బొటనవేలంత ఉంటుంది, దండం పెట్టే పాండురెడ్డి నిలువెత్తున ఉంటాడు.

సాయిదీప్, ఝాన్సీ చేవెళ్ళలో ఇంటర్ కలిసి చదివారు. కాలేజీ గేటుకు తాళం పడితే మిగతా పిల్లలు వాచ్‌మన్‌ను బతిమాలుకునేవాళ్ళు. ఆమె గోడెక్కి అవతలికి దూకి ముడిమ్యాల బస్సు అందుకునేది. ఒకరోజు గోడ మీద కూర్చుని, కింద నిలబడ్డ సాయిదీప్‌ను చూసి "జర బ్యాగు అందియ్యి" అంది. అందించాడు. జరిగింది అంతే. గోరంత దొరికితే కొండంత చేసుకునే మనిషి కాబట్టి, దాని మీదే ఇన్నేళ్ళూ బతికాడు.

మనసులో మాట ఆమెకు ఎందుకు చెప్పలేదంటే, కులం సంగతి ఒకటి ఉండనే ఉంది. అది పాండురెడ్డి గారి ఫ్లెక్సీ కంటే పెద్దది. కానీ అసలు కారణం అది కాదు. నోరు పెగల్లేదు, అంతే. ఇంట్లో సంబంధాలు చూడటం, ఇతను ఏదో వంక పెట్టడం, అమ్మ అలగడం, ఇదంతా నడుస్తూనే ఉంది. ముప్పై దాటిన మగవాడు ఒక్క మాట అనలేక ఇట్లా నానుస్తుంటే చూసేవాళ్ళకు ఒళ్ళు మండుతుంది. ఏం చేస్తాం, కొందరి నోళ్ళు అట్లా ఉంటాయి.

నోటికి బదులు అతను కనిపెట్టుకున్న దారి సంగీతం. నవీన్ ఎడిట్ చేసిన బొమ్మ పంపేటప్పుడు, దాని కింద ఏదో ఇంగ్లీషు సినిమా సంగీతం వేసి "గిట్ల ఉండాలె అన్నా" అని పంపేవాడు. సాయిదీప్ ముందుగా చేసే పని దాన్ని తీసి పారెయ్యడం. తరువాత, కొండ మీద ఝాన్సీ కాలర్‌కు తగిలించిన మైకులో పడ్డ శబ్దమంతా అడిగి తెప్పించుకునేవాడు. గాలి హోరు, తాడు బండకు రాసుకునే చప్పుడు, వాటన్నిటి అడుగున ఆమె ఊపిరి. సినిమాలో అది ఉండదు, నవీన్ కోసేస్తాడు. ఆ ఊపిరినే సాయిదీప్ తాళంగా పెట్టుకునేవాడు. అమ్మ భజనల్లో వాయించే హార్మోనియం పైకి తెచ్చుకుని, మెట్లు నొక్కకుండా, ఉత్త తిత్తి మాత్రం ఆడిస్తూ రికార్డు చేసేవాడు. ఆమె ఊపిరి పీల్చినప్పుడు తిత్తి పీల్చాలి. ఆమె బిగపట్టినప్పుడు తిత్తి ఆగాలి. మిగతా వాద్యాలన్నీ దాని మీదే వచ్చేవి. వినేవాళ్ళకు అది హార్మోనియమని తెలియదు. ఆ పిల్ల పక్కన ఎవరో ఉన్నట్టు మాత్రం అనిపిస్తుంది.

ఆమెకు మాత్రం తెలుస్తుందని అతని నమ్మకం. ఎవరి ఊపిరి వాళ్ళకు తెలియదా? సినిమా వచ్చిన ప్రతిసారీ ఝాన్సీ నుంచి "సూపర్ సాయి" అని మెసేజీ వచ్చేది, పక్కన జోడించిన చేతుల బొమ్మ. ఆ రెండు మాటలకు అతను చెప్పుకున్న అర్థాలు రాస్తే ఒక గ్రంథమవుతుంది. ఉత్త 'సూపర్' అంటే సరిపోయేది కదా, పక్కన పేరెందుకు పెట్టినట్టు అని ఒక పూటంతా దుకాణంలో గింజలు తూచకుండా కూర్చున్న రోజులున్నాయి. నవీన్ ఫామ్‌హౌసులో తెర కట్టి, తెలిసినవాళ్ళను పిలిచి సినిమా వేసినప్పుడల్లా ఝాన్సీ లేచి గేటు దగ్గరికి పోయి నిలబడేది. పక్క ఫామ్‌హౌసులో పెళ్ళి డీజే చెవులు పగిలేట్టు మోగుతున్నా అక్కడే నిలబడేది. సిగ్గు అనుకున్నాడు సాయిదీప్. సంగీతం విని కళ్ళు తడిసి ఉంటాయి, నలుగురిలో దాచుకుంటోంది అని కూడా అనుకున్నాడు.

ఈసారి ఎండలు ముదరకముందు వచ్చింది ఆఖరి సినిమా. ఝాన్సీకి ఉత్తరాఖండ్‌లో కొండలెక్కడం నేర్పే బడిలో ఉద్యోగం దొరికింది. పోగానే అక్కడివాళ్ళతో కలిసి పెద్ద మంచు శిఖరం ఒకటి ఎక్కాలి. ఇంక ఈ చుట్టుపక్కల గుట్టలు లేవు, నవీన్ సినిమాలు లేవు, కాలర్ మైకులో ఊపిరీ లేదు. ఇందులోనైనా ఆమెకు అర్థం కావాలి, లేకపోతే ఈ జన్మకు కాదు అనుకున్నాడు సాయిదీప్. అన్నానికి పిలిస్తే దిగలేదు. బయటి చప్పుడు రాకుండా గోడలకు వేలాడదీసిన పాత పరుపుల మధ్య, దాని చప్పుడు కూడా పనికిరాదని ఫ్యాను వేసుకోకుండా, చెమటలు కక్కుతూ పనిచేశాడు. వికారాబాద్ అవతల ఒక నిట్టనిలువు బండ మీద, చివర్లో ఝాన్సీ ఒక్క చేత్తో వేలాడుతూ చాలాసేపు కదలకుండా ఉండిపోయే చోటుంది. నవీన్ అక్కడ డప్పులు దంచమన్నాడు. సాయిదీప్ డప్పులు పెట్టలేదు. తిత్తి కూడా ఆమెతో పాటు ఊపిరి బిగపట్టి ఆగిపోతుంది. తరువాత ఆమె ఊపిరి వదిలినప్పుడు, మొత్తం సినిమాలో మొదటిసారి హార్మోనియం నోరు తెరిచి పాడుతుంది. తనకు నోటితో రాని మాట అదే.

పంపిన గంటకు నవీన్ ఫోన్ చేశాడు.

"అన్నా, ఏడిపిచ్చినవు. ఆ ఆఖరి షాట్‌ల ఆమె పక్కకు ఎవలో ఉన్నట్టే అనిపిస్తున్నది. ఎవలన్నా అది?"

"ఎవలు లేరు. బొమ్మ మీదికి ఝాన్సీ మాటలు రికార్డు చెయ్యాలె గద, రేపు పంపు ఇటు."

మర్నాడు మధ్యాహ్నం, ముకుందం గారు షట్టరు సగం దించి భోజనం చేసే వేళకు ఝాన్సీ స్కూటీ మీద వచ్చింది. రోడ్డు చప్పుడు తగ్గేది ఆ కాసేపే. మెట్లెక్కి వచ్చి, పరుపుల గోడలు చూసి "ఈడ పండుకోవచ్చు గద గోడ మీదనే" అని నవ్వింది. గోళ్ళ కింద ఎక్కేటప్పుడు పూసుకునే తెల్లపొడి ఇంకా ఉంది. మైకు ముందు కూర్చోగానే నవ్వు మాయమై, ఏ తడబాటూ లేకుండా చెప్పింది: "పైన ఏముంటదని అందరడుగుతరు. ఏముండదు, గాలి ఉంటది. నేను పైకి చూడను. చెయ్యి పెట్టే జాగనే చూస్త."

"మంచిగొచ్చింది" అన్నాడు సాయిదీప్.

"బొమ్మ మీద ఎట్ల కూసుంటదో చూపియ్యి."

అతను సినిమా పెట్టాడు. ఇప్పుడు, తన పక్కనే కూర్చుని, ఆమె వింటుంది. తిత్తి మొదటి ఊపిరి తీసిందో లేదో, ఝాన్సీ చెయ్యి చాచి స్పీకరు చప్పుడు పూర్తిగా తగ్గించేసింది. పొరపాటనుకుని అతను పెంచాడు. ఆమె మళ్ళీ తగ్గించింది.

"జర సౌండ్ వద్దు సాయి. నేను మ్యూట్‌ల చూస్త."

"మాట యాడ పడుతున్నదో తెల్వాలంటే సౌండ్ ఉండాలె గద."

"బొమ్మ చూస్తే తెలుస్తది నాకు. అన్ని గట్లనే చూసిన ఇప్పటిదాక."

"అన్ని అంటే?"

"మన సినిమాలన్ని. కాళ్ళు చూసుకోవాలె గద నేను. యాడ తప్పు పెట్టిన, యాడ తొందర పడ్డ. సౌండ్ ఉంటే కాళ్ళు కనవడవు." తెర మీద నుంచి కళ్ళు తియ్యకుండానే చెబుతోంది. "మా బాపు ఫోన్ల పెడితే కూడ బయటికి పోత. నవీన్ తెర కట్టినప్పుడు చూసినవు గద, గేటు కాడ్నే ఉంట."

సాయిదీప్‌కు ముందు నవ్వొచ్చింది. ఏళ్ళ తరబడి ఉత్తరాలేసిన డబ్బాకు తాళం తీసే మనిషే లేడని తెలిస్తే వచ్చే నవ్వు.

"మరి 'సూపర్ సాయి' అని పంపుతవు?"

"అందరు మంచిగున్నదంటరు గద. మంచిగనే ఉండి ఉంటదని పంపిన."

"అంటే ఇన్నేండ్లు నేను ఎవలకు మ్యూజిక్ కొట్టిన? ఈ పరుపులకా?"

గొంతు అతను అనుకున్నదానికంటే గట్టిగా లేచింది. ఝాన్సీ బొమ్మ ఆపి అతని ముఖం చూసింది. ఆ ముఖంలో కోపం కంటే ఏడుపే ఎక్కువ కనబడి ఉండాలి. ఆమె కుర్చీ అతని వైపు తిప్పుకుంది.

"ఒకటి ఇన్న సాయి" అంది మెల్లగా. "మొదటిది ఇన్న."

అతను కూడా కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు.

"ఇన్నంక నిద్ర పట్టలే. అది నేనేనా అనుకున్న. గంత గొప్పదాన్ని చేసినవు నన్ను. తెల్లారి భువనగిరి పోయిన. ఎక్కుతుంటే నీ బాణీనే నోట్ల తిరుగుతున్నది. ఆడ ఒక జాగ ఉంటది, ఆగి చూసుకోని చెయ్యెయ్యాలె. పాట ఆగలేదు గద, నేను గూడ ఆగలే. చెయ్యేసిన. పోయింది."

"మణికట్టు ఇరిగింది గప్పుడేనా?"

"తడి బండ అని చెప్పిన అందరికి. తడి లేదు, ఏం లేదు."

సాయిదీప్‌కు ఆ రోజు కళ్ళ ముందు తిరిగింది. బత్తాయిలు పట్టుకుని దవాఖానకు పోయాడు. ఎట్ల పడ్డవంటే తడికి చెయ్యి జారిందని చెప్పి, ఎడమ చేత్తో తొనలు తింటూ నవ్వుతూ కూర్చుంది. తన బాణీ విరగ్గొట్టిన చేతినే చూస్తూ, నీకేం కాదు అని ధైర్యం చెప్పి వచ్చాడు.

"నాతో ఎందుకు చెప్పలే?"

"చెప్తే కొట్టుడు బంద్ పెడ్తవని. మంచిగ లేక ఇనకపోవుడు కాదు సాయి. నీ సంగీతం ఇంటే నాకు నేను గొప్పదాన్ని అనిపిస్తది. గట్ల అనిపించిన రోజు పడ్త."

ఇంతకంటే పెద్ద మెప్పు ఏ సంగీతకారుడికీ దొరికి ఉండదు. ఇంతకంటే పెద్ద శిక్షా ఉండదు. సంతోషించాలో, తలుపు వేసుకుని ఏడవాలో అతనికి తెలియలేదు. కింద ముకుందం గారు మజ్జిగ పోసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

ఝాన్సీ కాసేపు తన మణికట్టు రుద్దుకుంటూ కూర్చుంది. తరువాత బల్ల మీది హెడ్‌ఫోన్లు తీసి చెవులకు పెట్టుకుంది.

"ఇది ఆఖరిది గద. ఇంట. పెట్టు."

ఏ మాట కోసం అతను కాలేజీ గోడ దగ్గర నుంచి కాచుకుని కూర్చున్నాడో ఆ మాట వచ్చింది. ఒక్క మీట నొక్కితే చాలు. తిత్తి ఆగుతుంది, హార్మోనియం పాడుతుంది, ఆమెకు మొత్తం తెలిసిపోతుంది. వేలు మీట మీదే ఉంది. కానీ ఆమెకు రేపు పొద్దున బండి. నెల తిరగకముందే మంచు కొండ. భువనగిరి బండ ఒక మణికట్టుతో వదిలిపెట్టింది, ఆ మంచు అట్లా వదులుతుందా?

అతను లేచి, రెండు చేతులతో ఆమె చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీసేశాడు. ఆమె జుట్టు అతని వేళ్ళకు తగలడం అదే మొదటిసారి.

"వద్దు."

"ఏందిది? ఇనలేదని గిప్పుడే మొకం మాడ్చుకున్నవు."

"మాడ్చుకున్న. అయినా ఇనకు. ఇంటే తలకాయల పెట్టుకోని పోతవు. దిగొచ్చినంక ఇందువు."

"దిగినంక ఇంకోటి ఉంటది ఎక్కేది."

"అయితే గుట్టలన్ని అయినంక."

"ముసలిదాన్నైత గప్పటికి."

"కానియ్యి. జర సౌండ్ పెంచుత."

ఆమె పకపకా నవ్వింది. అతను కూడా నవ్వాడు, రాకపోయినా. నవ్వు తగ్గాక, వెళ్ళడానికి నీళ్ళ సీసా చేతిలోకి తీసుకుని, మళ్ళీ కూర్చుంది.

"పోనీ అండ్ల ఏమున్నదో నోటితోని చెప్పు. నోటిమాట పాటలెక్క తిరగదు గద తలకాయల."

సాయిదీప్ హెడ్‌ఫోన్ల తీగ వేలికి చుట్టుకుంటూ చెప్పాడు. "నువ్వున్నవు. భయపడుకుంట ఎక్కుతున్నవు. ఆ సంగతి నవీన్‌కు తెల్వదు, మీ బాపుకు తెల్వదు. ఊపిరిల తెలుస్తది. నీ పక్కకు ఇంకొకడున్నడు. వానికి ఎక్కరాదు. నువ్వు ఊపిరి పీలుస్తే వాడు పీలుస్తడు, నువ్వు ఆపితే ఆపుతడు. నువ్వు పడితే వాడు గూడ పడుతడు. గంతే, ఇంకేం లేదు."

"ఎవడు వాడు?"

"నేనే. నువ్వంటే నాకు పాణం ఝాన్సీ. ఇంటర్ కాంచి."

అన్నాడు. ఇన్నేళ్ళు రాని మాట, పెద్ద కష్టం లేకుండానే వచ్చేసింది. వచ్చాక గాని తాను చేసిన పని తెలియలేదు. ఆమె చెవిన పడకూడదని హెడ్‌ఫోన్లు లాక్కుని, ఉన్నదంతా ఉట్టి నోటితో అదే చెవిలో పోశాడు.

"అయ్యో. ఇది మరిచిపో ఝాన్సీ. నేనేమనలే. ఇది పెట్టుకోని పోకు."

ఝాన్సీ తన అరచేతులు తెరిచి వాటినే చూస్తోంది. గదిలో గాలి ఆడటం లేదు. ఆమె మెడ మీద చెమట కాలర్‌లోకి జారుతోంది. ఆమె ఊపిరి బిగపట్టింది, అతనికి వినిపిస్తోంది. తెలియకుండానే అతను కూడా బిగపట్టాడు.

"పాట ఇన్ననాడు నాకు భయం పోయింది సాయి" అంది చివరికి. "గందుకే పడ్డ."

"ఇప్పుడు?"

"ఇప్పుడు భయమైతున్నది. పడితే నేనొక్కదాన్నే పడుత అనుకుంటుంటి ఇన్ని రోజులు." చేతులు మూసుకుని లేచింది. "మంచిదే తియ్యి. భయముంటే చెయ్యి చూసుకోని పెడ్త."

తన మనసులో ఏముందో ఆమె చెప్పలేదు. అడగాలని అతనికి ప్రాణం కొట్టుకుంది. అడిగితే ఆమె చెప్పేసేదేమో కూడా. అడగలేదు. ఆ జవాబు ఏదైనా సరే, ఆమె దాన్ని కూడా మోసుకుని మంచులోకి పోవద్దనుకున్నాడు.

ఆమె మెట్లు దిగింది. కింద ముకుందం గారు చెయ్యి కడుక్కుని షట్టరు ఎత్తుతున్నాడు.

"అయిపోయిందా బిడ్డా? మళ్ళెప్పుడొస్తవు?"

"దిగినంక వస్త అంకుల్. మీ వాని దగ్గర ఇనేదొకటి మిగిలిపోయింది."

"గదేంది, ఇనే పోరాదు. ఎంతసేపు అది?"

"మీవాడే ఇననిస్తలేడు" అంది ఝాన్సీ.

స్కూటీ స్టార్టయి ముడిమ్యాల వైపు తిరిగింది. భోజనాల వేళ అయిపోయి రోడ్డు మీద లారీలు, టమాట బండ్లు మళ్ళీ మొదలయ్యాయి. ఆ చప్పుళ్ళలో స్కూటీ చప్పుడు కలిసిపోయాక కూడా సాయిదీప్ ఫ్యాను వేసుకోలేదు, ఇంకా కొంచెం వినబడుతుందేమోనని.